పోర్చుగల్ పట్టణములు – పళ్ళెములోని చరిత్ర

ఒక దేశపు చరిత్రను దాని కోటలలోను, ఆలయములలోను, రాజశాసనములలోను వెదకుట మనకు అలవాటు. రాతిమీద పేరు చెక్కించుకొనగల స్తోమతు కొందరికే యుండును. ఆకలి మాత్రము అందరికిని ఉండును. కావున ఒక జాతి ఏమి తిన్నది, ఎట్లు తిన్నది, ఆ వంటదినుసులు ఎచ్చటనుండి వచ్చినవి అను విషయములు గూడ చరిత్రకు ఆధారములే. గత ఏప్రిల్ నెలలో మేము కుటుంబసమేతముగా పోర్చుగల్ దేశములోని కొన్ని పట్టణములను చూచి వచ్చితిమి. మా తల్లిగారు, మేము దంపతులము, బడికి పోవు పిల్లలు ఇద్దరు – ఇది మా బృందము. అచ్చటి కట్టడములను, అచ్చటి భోజనమును ప్రక్కప్రక్కన పెట్టి చూడగా మాకు తోచిన సంగతులను ఇచ్చట మనవి చేయుచున్నాము.

పోర్చుగల్ చిన్న దేశము. దాని వైశాల్యము సుమారు 92,000 చదరపు కిలోమీటర్లు. నేటి ఆంధ్రప్రదేశములో సగమునకు కొంచెము మించును. జనసంఖ్య కోటి పైచిలుకు. ఉత్తరమునను తూర్పునను స్పెయిన్, పడమటను దక్షిణమునను అట్లాంటిక్ మహాసముద్రము. 1143లో అఫోన్సో హెన్రిక్స్ రాజుగా గుర్తింపు పొందెను. 1249లో దక్షిణపు కొసనున్న అల్గార్వె ప్రాంతము ముస్లిం పాలకుల చేతినుండి తప్పిపోవుటతో నేటి సరిహద్దులు దాదాపుగా ఏర్పడినవి. వెనుక బలవంతమైన పొరుగురాజ్యము, ముందు అంతులేని నీరు. ఇట్టి తావున పుట్టినవారు నీటివైపునకు తిరుగుట సహజమే.

లిస్బన్ నగరమున తేజో నది సముద్రములో కలియు చోటికి సమీపమున బెలేమ్ అను పేట గలదు. 1497 జూలై 8వ తేదీన వాస్కో ద గామా నాలుగు నౌకలతో బయలుదేరినది అచ్చటినుండియే. మరుసటి సంవత్సరము మే 20వ తేదీన ఆయన కోళికోడు తీరమును చేరెను. ఆ యాత్ర ఫలించిన పిమ్మట మనూయెల్ రాజు బెలేములో జెరోనిముస్ మఠమును కట్టింప నారంభించెను. నిర్మాణము ఇంచుమించుగా నూరేండ్లు సాగినది. ఆఫ్రికా, ఆసియా ఖండముల వర్తకముపై నూటికి ఐదు వంతున వచ్చిన పన్ను ఆ వ్యయమునకు ఆధారము. స్తంభములపై ఓడత్రాళ్ళు, ముడులు, సముద్రపు నాచు, దూరదేశపు ఆకులు, పండ్లు చెక్కియున్నవి. మలబారు మిరియాలు తెల్లని సున్నపురాయిగా మారి అచ్చట నిలిచినవని చెప్పవచ్చును. లోపల ప్రవేశించగానే ఒకవైపున గామా సమాధి, రెండవవైపున మహాకవి కమోయిన్స్ సమాధి కనబడును. గామా 1524లో కొచ్చిలో మరణించెను. ఆయన అస్థికలుగా భావించిన వానిని 1880లో ఈ మందిరమునకు తెచ్చిరి.

ఆ సమాధి ముందు మా పిల్లవాడు, “నాన్నగారూ, ఈయన మంచివాడా, చెడ్డవాడా?” అని అడిగెను. పాఠ్యపుస్తకములో ఒక్క వాక్యముగా చదివిన పేరు ఎదుట శిలయై పరుండియుండగా పుట్టిన ప్రశ్న యది. సముద్రమార్గము కనుగొన్న సాహసి యని చెప్పి ఊరకుండుట సులభము. కాని 1502లో అదే గామా రెండవసారి మన తీరమునకు వచ్చినప్పుడు, మక్కా యాత్ర ముగించుకొని మరలివచ్చుచున్న ఒక ఓడను పట్టుకొని దోచి, అందలి స్త్రీలతో, పసిపిల్లలతో సహా దానికి నిప్పు పెట్టించెను. ఇది శత్రువులు కల్పించిన మాట యనుటకు వీలులేదు. ఆ నౌకాదళములోనే యున్న తొమే లోపెస్ అను పోర్చుగీసువాడు దీనిని వ్రాసియుంచెను. రెండును నిజమే యని పిల్లవానికి చెప్పితిమి. “అయితే రెండవది ఇక్కడ ఎందుకు వ్రాయలేదు?” అని వాడు మరల అడిగెను. రాతిమీద వ్రాయని సంగతులు ఆ దేశములో మరి యెచ్చట మిగిలియున్నవో చూడవలెనను కోరిక మాకు అచ్చటనే కలిగినది.

మఠమునకు కూతవేటు దూరములో 1837 నుండి నడచుచున్న మిఠాయి అంగడి యొకటి గలదు. పలుచని పొరలుగల పిండిగిన్నెలో పచ్చసొన, పాలు, చక్కెర కలిపిన ముద్దను పోసి, పైన నల్లమచ్చలు పడునట్లు కాల్చిన చిన్న బిళ్ళలు అచ్చటి ప్రత్యేకత. 1834లో ప్రభుత్వము మఠములను రద్దు చేసిన పిమ్మట సన్యాసుల పాకరహస్యము ఆ అంగడికి చేరినదని చెప్పుదురు. మఠవాసులు తెల్లసొనను వస్త్రములకు గంజిగా వాడుకొనగా మిగిలిన పచ్చసొనతో ఇట్టి మిఠాయిలు పుట్టినవని జనశ్రుతి. సొన సంగతి ఎట్లున్నను చక్కెర సంగతి నిశ్చయమైనది. పోర్చుగీసువారు 15వ శతాబ్దమున మదీరా ద్వీపమునందును, తరువాత సావ్ తొమే ద్వీపమునందును, బ్రెజిలునందును చెరకుతోటలు వేసిరి. ఆ తోటలలో చెమటోడ్చినవారు ఆఫ్రికానుండి బలవంతముగా కొనిరాబడిన బానిసలు. 1444లో దక్షిణతీరమునందలి లాగోస్ పట్టణమున 235 మంది బందీలను పంచుకొని అమ్మిరి. తల్లులు ఒకరికి, బిడ్డలు ఒకరికి పోయినప్పటి రోదనమును ఆనాటి రాజచరిత్రకారుడైన జురారాయే వర్ణించెను. 1551లో లిస్బన్ జనాభా లక్ష యుండగా, అందు ఇంచుమించు పదివేలమంది బానిసలు. మా పిల్లలు ఆ మిఠాయిని ఇష్టముగా తినిరి. ఈ కథను గూడ విని మరల తినిరి. తీపిని కాదనవలసిన పని లేదు గాని, అది ఎవరి శ్రమవలన వచ్చినదో తెలిసి తినుట మేలు.

లిస్బనునుండి తూర్పుగా సుమారు 130 కిలోమీటర్లు పోయినచో ఎవొరా పట్టణము వచ్చును. తేజో నదికి ఆవలి సీమ యను అర్థముగల అలెంతేజో ప్రాంతమునకు అది ప్రధాన నగరము. దారి పొడుగునను గోధుమ పొలములు, ఓలివు తోటలు, సీసా బిరడాలకు బెండు నిచ్చు చెట్లు. ప్రపంచములో దొరకు ఆ బెండులో దాదాపు సగము ఈ చిన్న దేశమునదే. చెట్టునుండి బెరడును తొమ్మిదేండ్లకొకసారి మాత్రమే ఒలుచుదురు. ఊరి నడిబొడ్డున క్రీస్తుశకము 1వ శతాబ్దపు రోమను ఆలయ స్తంభములు చెక్కుచెదరక నిలిచియున్నవి. వానిని కాపాడినది భక్తి యనుకొనిన పొరపాటే. మధ్యయుగమునుండి 1836 వరకు ఆ ఆలయమును మాంసపు అంగడిగా వాడుకొనిరి. స్తంభముల నడుమ గోడలు కట్టియుండుటచే అవి కూలక మిగిలినవి.

మా తల్లిగారు శాకాహారులు. ఆమెకు భోజనము దొరకునో లేదో యను చింతతో మేము ఒక చిన్న పూటకూటి యింటిలో ప్రవేశించితిమి. యజమానురాలు మా మాట విని, చేపయు గుడ్డును లేకుండ ‘అసోర్దా’ అను వంటకమును మట్టిపాత్రలో తెచ్చిపెట్టినది. వెల్లుల్లి, కొత్తిమీర, ఉప్పు కలిపి నూరి, ఓలివు నూనె చేర్చి, మరిగిన నీరు పోసి, అందులో నిన్నటి రొట్టెముక్కలు వేయుదురు. మా తల్లిగారు వాసన చూచి, “ఇది మన కొత్తిమీర చారే కదరా నాయనా!” అనిరి. ఆ దేశపు దక్షిణభాగమున కొత్తిమీర లేని వంటయిల్లు అరుదు. అసోర్దా యను మాట అరబ్బీనుండి వచ్చినది. బియ్యమునకు ‘అరోజ్’, ఓలివు నూనెకు ‘అజైత్’, చక్కెరకు ‘అసూకర్’ అను వారి మాటలు గూడ అరబ్బీ మాటలే. అందులో చక్కెరకు మూలము మన ‘శర్కర’. వారి ‘లరంజ’యు మన నారింజయు ‘నారంగ’ యను ఒక్క సంస్కృతశబ్దపు బిడ్డలు. గామా మన తీరమున దిగుటకు ఎన్నో శతాబ్దములకు ముందే, అరబ్బులు, పారసీకులు మన మాటలను కొనిపోయి పోర్చుగీసు వంటయింటిలో దింపియుండిరి.

అయినను అసోర్దా ముఖ్యముగా ఆకలి నేర్పిన వంటకము. అలెంతేజోలో భూమి యంతయు కొద్దిమంది పెద్ద భూస్వాముల చేతిలో నుండెను. కూలివారికి విత్తుల కాలమునను కోతల కాలమునను తప్ప పని యుండెడిది కాదు. ఎండిన రొట్టెను పారవేయుటకు వీలులేని గుడిసెలలో నీరు, వెల్లుల్లి, ఆకుకూర కలిసి భోజనమైనవి. 1954 మే 19వ తేదీన బలెయిజాన్ గ్రామములో, కూలి పెంచుమని తోటివారితో కలిసి అడుగబోయిన కతరీనా యుఫేమియా అను కోతకూలిని సాయుధదళపు అధికారి యొకడు కాల్చిచంపెను. ఆమెకు అప్పుడు 26 ఏండ్లు, చేతిలో పసిబిడ్డ. అలెంతేజోలో ఆమె పేరు తెలియనివారు తక్కువ.

అచ్చటినుండి మేము ఉత్తరముగా తొమార్ పట్టణమునకు పోయితిమి. కొండమీద 1160లో టెంప్లర్ యోధసన్యాసులు కట్టిన దుర్గమఠము గలదు. వారి ఆస్తి తరువాత 1319లో ఏర్పడిన క్రీస్తుసంఘమునకు సంక్రమించినది. ఆ సంఘపు శిలువ గుర్తే పోర్చుగీసు నౌకల తెరచాపలపై ఎగిరినది. కొండక్రింద ఇరుకైన వీధిలో 15వ శతాబ్దపు యూదుల ప్రార్థనామందిరము గలదు. నాలుగు స్తంభములపై నిలిచిన చిన్న గది యది. పఠించువాని కంఠము గదియంతట బాగుగ వినవలెనని పై మూలలలో మట్టికుండలను గోడలో ఇమిడ్చిరి. ధ్వనితో బ్రదుకు వృత్తి మాది గనుక ఆ కుండలను చాలసేపు చూచుచు నిలిచితిమి. మైక్రోఫోను లేని కాలపు శిల్పులు మా స్టూడియో నిర్మాతలకు పెద్దలని తోచినది.

ఆ గదిలో ప్రార్థన చిరకాలము సాగలేదు. 1496 డిసెంబరులో రాజు యూదులను దేశమునుండి వెళ్ళగొట్టు ఆజ్ఞ జారీచేసెను. 1497లో వెళ్ళిపోనీయకనే బలవంతముగా మతము మార్పించెను. మందిరము చెరసాలయై, తరువాత క్రైస్తవ ప్రార్థనాలయమై, గిడ్డంగియైనది. 1923లో సామ్యుయెల్ ష్వార్జ్ అను ఇంజనీరు దానిని కొని, 1939లో ప్రభుత్వమునకు దానముచేసెను. 1536లో ఏర్పడి 1821 వరకు సాగిన మతవిచారణ న్యాయస్థానము, మతము మారినవారి యిండ్లలోని వంటను గూడ విచారించెడిది. పందిమాంసము తినకుండుట, శనివారపు భోజనమును శుక్రవారమే వండి యుంచుట నేరమునకు సాక్ష్యములు. ఉత్తరప్రాంతమున ‘అల్యైరా’ అను వంటకము గలదు. చూచుటకు పందిమాంసపు గొట్టములవలె నుండును, లోపల కోడిమాంసము, రొట్టె, వెల్లుల్లి. పొరుగువారి కన్నులు కప్పుటకు ఆ జనులు కల్పించిన ఉపాయమని జనశ్రుతి.

ఆ భయము మన దేశమునకు గూడ వచ్చినది. యూదుల వంశమున బుట్టిన గార్సియా ద ఓర్తా అను వైద్యుడు 1534లో గోవాకు వచ్చి, మన ఓషధులను, పండ్లను, ఇంగువవంటి వంటదినుసులను శ్రద్ధగా పరిశీలించి, 1563లో గోవాలోనే ఒక గ్రంథము అచ్చొత్తించెను. ఐరోపావారు మన ఓషధులను గురించి తెలిసికొనుటకు అది చాలకాలము ఆధారమైనది. ఆయన 1568లో మరణించెను. మరుసటి సంవత్సరము ఆయన సోదరిని గోవాలో సజీవముగా దహించిరి. 1580లో ఆయన ఎముకలను గూడ త్రవ్వితీసి కాల్చిరి.

తొమారునుండి ఇంకను ఉత్తరమునకు, ఉప్పుమళ్ళ పట్టణమైన అవైరోకు ప్రక్కన, ఇల్యవో అను ఊరు గలదు. పోర్చుగీసువారికి అన్నిటికంటె ప్రియమైనది ఉప్పుపెట్టి ఎండబెట్టిన కాడ్ చేప. దానిని ‘బకల్యావ్’ అందురు. ‘నమ్మకమైన స్నేహితుడు’ అను ముద్దుపేరు గూడ గలదు. క్రిస్మసుకు ముందటి రాత్రి బంగాళాదుంపలతో, ఆకుకూరతో ఉడికించిన ఆ చేప లేని యిల్లుండదు. వింత యేమనగా ఆ చేప పోర్చుగల్ తీరమున దొరకదు. శతాబ్దములుగా దానిని న్యూఫౌండ్లాండ్ సముద్రమునుండి తెచ్చుకొనిరి. 20వ శతాబ్దమున సాలజారు నియంతృత్వము 1934లో ఈ వర్తకమును తన అదుపులోనికి తీసికొని, పెద్ద నౌకాదళమును పోషించినది. ఆ నౌకలనుండి ఒక్కొక్కడు ఒక్కొక్క చిన్న పడవలో దిగి, మంచుపొగలో ఒంటరిగా రోజంతయు గాలము వేయవలెను. ఒక్కొక్క యాత్ర సుమారు ఆరు నెలలు. ఈ వేటకు పోవువారికి సైనికసేవనుండి మినహాయింపు నిచ్చిరి. పడవలతో సాగిన ఆ వేట 1974తో ముగిసినది. 1937లో స్థాపించిన ఇల్యవో ప్రదర్శనశాలలో ఆ చిన్న పడవలు ఉన్నవి. మా పిల్లలు ఆ పడవ పొడవును అడుగులతో కొలిచి, ఆ పిమ్మట చాలసేపు మాటలాడలేదు. బయలుదేరుటకు ముందు ఆ నౌకలకు ఆశీర్వచనము జరిగినది బెలేమ్ తీరమునందే, గామా సమాధికి ఎదుటనే.

ప్రయాణపు ఉత్తరపు కొస పోర్తో నగరము. దువురో నది ఒడ్డున మెట్లుమెట్లుగా పేర్చినట్లున్న ఊరు. నదీతీరపు ద్రాక్షసీమకు 1756లోనే మార్కీజ్ ద పొంబాల్ హద్దులు నిర్ణయించెను. రైలుస్టేషనులో జోర్జ్ కొలాసో చిత్రించిన సుమారు 20,000 నీలిపలకలు గోడలను కప్పియున్నవి. వానిలో 1415లో పోర్చుగీసువారు ఆఫ్రికా తీరమునందలి సెయూతా నగరమును గెలిచిన దృశ్యము ప్రధానమైనది. ఆ దండయాత్రకు పోర్తో ప్రజలు మంచి మాంసమంతయు నౌకలకిచ్చి, తమకు పశువుల పేగులు మాత్రమే మిగుల్చుకొనిరనియు, నాటినుండియే పేగులు, తెల్లచిక్కుడుగింజలు కలిపి వండు కూర వారి ఊరి వంటకమైనదనియు గర్వముగా చెప్పుకొందురు. పోర్తోవారిని ‘పేగులు తినువారు’ అనియే పిలుతురు. కాని ఆ తెల్లచిక్కుడు అమెరికా ఖండపు పంట. 1492కు ముందు ఐరోపాలో లేదు. 1415లో ఆ కూర నేటి రూపమున ఉండుటకు వీలులేదు. గోడమీది చిత్రమును శంకింపలేని చోట, గిన్నెలోని గింజ సాక్ష్యము పలికినది.

ఆ గింజతో వచ్చినవే మొక్కజొన్న, బంగాళాదుంప, మిరప. వీనిలో మిరపను పోర్చుగీసువారు 16వ శతాబ్దమున మన దేశమునకు తెచ్చిరి. మిరియమును వెదకుచు వచ్చినవారు మిరపను ఇచ్చిపోయిరి. మన మిరపకాయ పేరులోనే మిరియము దాగియున్నది. నేడు గుంటూరు పేరు చెప్పగనే జ్ఞప్తికి వచ్చు ఆ కాయ, మన ముత్తాతల ముత్తాతలు ఎరుగనిది. జీడిమామిడి, అనాస, బొప్పాయి, జామ గూడ అమెరికా నేలనుండి వచ్చినవే. అనాస యనునది వారి మాటయే. మన మేస్త్రీ, అల్మారా, బాల్చీ, ఇస్త్రీ, బొత్తాము గూడ పోర్చుగీసు మాటలే. ఋణము ఏకపక్షమైనది గాదు. 1520 ప్రాంతమున శ్రీకృష్ణదేవరాయల విజయనగరమును చూచిన డొమింగో పయెస్, అది రోమా నగరమంత పెద్దదని వ్రాసెను. తరువాత కొద్ది యేండ్లకు నూనిజ్ మరియొక వృత్తాంతము వ్రాసెను. వీనిని దావిద్ లోపెస్ 1897లో లిస్బనులో ప్రచురింపగా, 1900లో రాబర్ట్ సివెల్ ఆంగ్లములో వెలయించెను. రాయల రాజధాని అంగడివీధులలో ఏమేమి అమ్మిరో నేడు మనకు తెలియుటకు, గుఱ్ఱములు అమ్ముకొనవచ్చినవారి కుతూహలమే ముఖ్యకారణము.

మేము మరల లిస్బను చేరునప్పటికి ఏప్రిల్ 25వ తేదీ వచ్చినది. ఆనాడు అచ్చట ఉత్సవము. ఆ ఉత్సవములో రేడియోకు పెద్ద భాగము గలదు. 1926నుండి ఆ దేశమున నియంతృత్వము సాగినది. 1961నుండి అంగోలా, గినీ, మొజాంబిక్ దేశములలో స్వాతంత్ర్యపోరాటములను అణచుటకు యువకులను పంపుచుండిరి. విసిగిన యువ సైనికాధికారులు 1973 సెప్టెంబరులో ఎవొరా సమీపమున రహస్యముగా సమావేశమైరి. తిరుగుబాటుకు సంకేతము రేడియోపాటలు. 1974 ఏప్రిల్ 24 రాత్రి 10 గంటల 55 నిమిషములకు ఒక పాట వినబడినప్పుడు సిద్ధమైరి. అర్ధరాత్రి దాటి 20 నిమిషములకు మరియొక కేంద్రమునుండి జోసే అఫోన్సో పాడిన పాట వినబడగనే దళములు కదలినవి. ఆ పాటలో పేర్కొన్న గ్రాందొలా, మాకు అసోర్దా పెట్టిన అలెంతేజో సీమలోని ఊరే. ఇంటింట రేడియో పెట్టుకొని నిద్రించు జనము మేల్కొనునప్పటికి, 48 ఏండ్ల పాలన కూలిపోవుచుండెను. రహస్యపోలీసుల కాల్పులకు నలుగురు బలియైరి.  ఆఫ్రికాలోని వలసరాజ్యములు స్వతంత్రములైనది, 1961లో గోవా భారతదేశమున చేరుటను పోర్చుగల్ అంగీకరించినది ఈ విప్లవము తరువాతనే.

ఆ ఉదయము లిస్బనులోని ఒక భోజనశాల తన మొదటి వార్షికోత్సవమునకై ఎఱ్ఱని కార్నేషన్ పూలు తెప్పించియుండెను. వీధిలో సైన్యము దిగుటచే అంగడి తెరువక, పూలను ఇంటికి కొనిపొండని యజమాని పనివారికి ఇచ్చెను. సెలెస్తే కాయెరో అను పనిమనిషిని దారిలో ఒక సైనికుడు సిగరెట్టు అడిగెను. ఆమెయొద్ద సిగరెట్టు లేదు, పూవు ఇచ్చెను. అతడు దానిని తుపాకిగొట్టములో ఉంచుకొనెను. మిగిలినవారికిని ఆమె పూలు పంచెను. విప్లవమునకు ఆ పూవు పేరే నిలిచినది. మేము పోయిన దినమున గూడ వీధులలో పెద్దలు, పిల్లలు ఆ పూలు పట్టుకొని నడచుచుండిరి. ఒక వృద్ధురాలు మా పిల్లవాని చేతిలో ఒకటి పెట్టినది. వాడు దానిని ఎండబెట్టి, తన పుస్తకములో గామా సమాధి చిత్రమునకు ప్రక్కన అంటించుకొనెను.